జనం మన గురించి "నా పేరు చెప్పు, చూసి చేస్తాడు" అనాలంటే

మన వైపు ఎవరికైనా ఏదైనా పని పడితే ముందు పక్కింటాయన్నే అడుగుతారండి, గూగుల్ ఆ తర్వాతే. ఆయన "ఫలానా అతని దగ్గరికెళ్ళు, నా పేరు చెప్పు, చూసి చేస్తాడు" అంటాడు. ఈ "నా పేరు చెప్పు"కే సూటూ బూటూ తొడిగి బిజినెస్ రిఫరల్ అంటున్నారు ఇప్పుడు. నేను విజయవాడలో ఇన్వర్టర్లు, బ్యాటరీలతో మొదలుపెట్టి ఇప్పుడు ఇళ్ళ మీద సోలార్ పెడుతున్నాను. పాంప్లెట్లు పంచాను, ఆటోల వెనక స్టిక్కర్లు వేయించాను, ఫేస్‌బుక్కులో డబ్బులు పోసి యాడ్లు ఇచ్చాను, ఫోన్లు వచ్చాయి, కాదనను, కానీ ఆ చేసినవాళ్ళు నాతో పాటు ఇంకో ఐదుగురికి చేసి "కిలోవాట్ ఎంత?" అని రేటు కనుక్కుని పెట్టేసేవాళ్ళు. ఎవరో చెప్తే వచ్చినవాడు అలా ఉండడు, సగం ఒప్పేసుకునే వస్తాడు, మనం చెడగొట్టుకోకపోతే చాలు.

ఆ చెడగొట్టుకోవడం గురించే ముందు చెప్తా, ఎందుకంటే నేను నేర్చుకున్నది అక్కడే. నా ఫ్రెండ్ ఒకడు వాళ్ళ పెదనాన్నగారింటికి నన్ను పంపించాడు, 3 కిలోవాట్ల పని. ఆ వారం నాకు రెండు సైట్లు ఒకేసారి పడ్డాయి, మా కుర్రాళ్ళని పంపేసి నేను వెళ్ళలేదు. ప్యానెళ్ళు నిలబెట్టే స్ట్రక్చర్ కాళ్ళ కింద సిమెంట్ దిమ్మలు కట్టాల్సింది, అవి ఆరేదాకా ఆగాలి కదా, వీళ్ళు ఆగకుండా శ్లాబులోకే డ్రిల్లేసి బోల్టులు బిగించేసి పైన కాస్త సీలెంట్ పూసి వచ్చేశారు. మొదటి పెద్ద వానకే కింద హాల్లో సీలింగ్ మీద పళ్ళెమంత మచ్చ. ఆ పెద్దాయన నాకు ఫోన్ చెయ్యలేదండి, మావాడికి చేశాడు. నేను పరిగెత్తుకెళ్ళి బోల్టులు తీయించి, వాటర్ ప్రూఫింగ్ చేయించి, దిమ్మలు కట్టించి, సీలింగ్‌కి పెయింట్ కూడా వేయించి ఇచ్చాను, అన్నీ నా డబ్బులతోనే. పని సరైపోయింది. కానీ తర్వాత వాళ్ళింట్లో ఏదో ఫంక్షన్‌లో నలుగురి ముందూ "మనవాడు పంపించిన సోలార్ ఇంజినీరు వచ్చి మా ఇంట్లో జలపాతం పెట్టి వెళ్ళాడు" అని జోకులేశారంట. మావాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఇంకెవర్నీ పంపలేదు, అంతే.

అంటే మన పేరు చెప్పేవాడు ఊరికే ఫోన్ నంబర్ ఇవ్వట్లేదు, వాడి మాట మన చేతిలో పెడుతున్నాడు. పని బాగా జరిగితే వాడికొచ్చేది మహా అయితే ఒక థాంక్స్, చెడితే మాత్రం చుట్టాల్లో పరువు పోతుంది. ఈ లెక్క అర్థమయ్యాక నేను "రిఫరెన్సులు ఇవ్వండి సార్" అని అడగడం తగ్గించి, నా పేరు చెప్పడానికి వాడికి భయం లేకుండా ఎలా చెయ్యాలా అని చూడటం మొదలుపెట్టాను. కింద రాసినవన్నీ దాని కోసమే.

ముందు చెయ్యాల్సిన పని చాలా చిన్నది, డబ్బు ఖర్చు లేదు. పాత బిల్లు పుస్తకం తీసి ప్రతి కస్టమర్ పక్కనా "ఎవరు చెప్పారు" అని ఒక కాలమ్ గీసి నింపండి. గుర్తు లేకపోతే ఫోన్ చేసి అడగండి, ఆ వంకన సిస్టమ్ ఎలా పనిచేస్తుందో కూడా కనుక్కున్నట్టు ఉంటుంది. నేను నింపినప్పుడు నాకు పెద్ద షాక్, సగానికి పైగా పేర్లు నలుగురైదుగురి దగ్గర నుంచే వచ్చాయి, ఆ నలుగురైదుగురిలో నా క్లోజ్ ఫ్రెండ్ ఒక్కడూ లేడు! ఒకాయన బ్యాంకులో లోన్ల సెక్షన్, ఒకరు ప్లంబర్, ఒకావిడ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ట్రెజరర్, ఇంకొకాయన నా దగ్గర ఎప్పుడో ఒక బ్యాటరీ కొన్న రిటైర్డ్ మాస్టారు.

ఇది నా ఒక్కడికే జరిగింది కాదు. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు 1973లోనే దీని మీద రాశాడు, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని పట్టుకుని ఆ చెప్పినాయన్ని మీరు ఎంత తరచుగా కలుస్తారు అని అడిగితే, తరచూ కలుస్తాం అన్నవాళ్ళు నూటికి 17 మందే, సగానికి పైగా "అప్పుడప్పుడు" అన్నారు, 28 మంది "ఎప్పుడో గానీ కలవం" అన్నారు. ఆలోచిస్తే కరెక్టే కదా, మన క్లోజ్ ఫ్రెండ్స్‌కి తెలిసినవాళ్ళు మనకీ తెలుసు, ముఖపరిచయం ఉన్నాయనకి తెలిసిన ప్రపంచం వేరు. కాబట్టి రోజూ టీ తాగే బ్యాచ్ దగ్గర బిజినెస్ గురించి ఊదరగొట్టి లాభం లేదు, ఆరు నెలలకోసారి కనపడే మనిషికి ఓ ఫోన్ కొట్టండి.

సరే, వాళ్ళకి ఏం చెప్పాలి? చాలామంది తప్పు చేసేది ఇక్కడే. "అన్నా, నేను సోలార్ చేస్తున్నాను, ఎవరైనా ఉంటే చెప్పన్నా" అంటాం. వాడు "ఓ తప్పకుండా" అంటాడు, సందు తిరిగేలోపు మర్చిపోతాడు. వాడిది తప్పు కాదు, సోలార్ అనే మాట వాడి చెవిన రోజూ పడదుగా. వాడి చెవిన రోజూ పడేదేంటో మనం చెప్పాలి. నేనిప్పుడు ఏమంటానంటే, "ఎవరైనా కరెంటు బిల్లు చూసి బాబోయ్ అంటే నాకు ఫోన్ చేయించండి." ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళో బాబోయ్ అనని ఇల్లు ఉండదు. ప్లంబర్‌కి వేరే మాట, "పైన కొత్తగా ఫ్లోర్ వేస్తున్న ఇల్లు కనపడితే శ్లాబ్ పోసేముందు నాకు చెప్పు." బ్యాంకాయనకి ఇంకోటి. మీది టైలరింగ్ అయితే "పెళ్ళి కుదిరింది అనే మాట వినపడితే", మీది జీఎస్టీ పని అయితే "నోటీసొచ్చింది అని ఎవరైనా కంగారు పడితే". మనం చేసే పని పేరు పక్కనపెట్టి, అవతలి మనిషి నోట్లోంచి వచ్చే బాధని పట్టుకోవాలి, అది వినపడగానే మన మొహం గుర్తుకు రావాలి.

ఇంక ఈ పర్సనల్ బ్రాండింగ్ అనే మాట వింటే కోటేసుకుని చేతులు కట్టుకుని ఫోటో దిగాలేమో అనుకుంటారు. మన ఊళ్ళల్లో ఇది ఎప్పట్నుంచో ఉందండి, సోడా వెంకన్న, బట్టల సుబ్బారావు, గడియారాల షాపు మాస్టారు... ఇంటిపేరు ఎవడికీ తెలీదు, పనే ఇంటిపేరు. ఇప్పుడు ఆ ఇంటిపేరు జనం ఫోన్లో ఉంటుంది. మీ నంబర్ని వాళ్ళు ఏమని సేవ్ చేసుకున్నారో అదే మీ బ్రాండు. నేను పని అయ్యాక పక్కనే నుంచుని "సోలార్ అని ముందు పెట్టి సేవ్ చేసుకోండి మేడమ్, తర్వాత వెతికితే దొరకాలిగా" అని చెప్పి మరీ చేయిస్తాను. దీనికింకో లాభం ఉంది, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో, అంటే ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా వెళ్ళేలా పంపేదాంట్లో, ఒక్కో లిస్టుకి 256 మందిని పెట్టొచ్చు గానీ మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ వెళ్తుంది. సేవ్ చేసుకోనివాళ్ళకి మనం పంపుతూనే ఉంటాం, వాళ్ళకి చేరదు, మనకి తెలీదు.

స్టేటస్‌లో ఏం పెట్టాలి అంటే, గుడ్ మార్నింగ్ పువ్వులూ, మన ఫోటో మూలన పెట్టిన పండగ శుభాకాంక్షలూ మాత్రం దయచేసి వద్దు, అవి అందరూ పెడతారు, ఎవడూ చూడడు. పని పెట్టండి. షాక్ కొట్టకుండా కరెంటుని భూమిలోకి పంపే ఎర్తింగ్ కోసం గుంత తవ్వుతున్న ఫోటో పెట్టాను ఒకసారి, ఏం అందంగా ఉంటుంది చెప్పండి, మట్టీ, రాడ్డూ, చెమటలు కారుతున్న మా కుర్రాడు. దానికి వచ్చినన్ని ప్రశ్నలు తళతళలాడే ప్యానెల్ ఫోటోకి రాలేదు, "మా ఇంట్లో ఇది వేశారా లేదా ఎలా తెలుస్తుంది?" అని వేరేవాళ్ళ దగ్గర పెట్టించుకున్నవాళ్ళు కూడా అడిగారు.

ఇంకోటి, జనం మళ్ళీ మళ్ళీ అడిగేదానికి తిన్నగా జవాబు పెట్టండి, మనకి నష్టమైన జవాబైనా సరే. 2024 ఫిబ్రవరిలో ఇళ్ళ మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ స్కీమ్ వచ్చినప్పటి నుంచీ అందరిదీ ఒకటే మాట, సబ్సిడీ ఎంత, కరెంటు ఫ్రీయేనంట కదా అని. నేను పెట్టింది ఇది: కిలోవాట్‌కి 30 వేలు, రెండు కిలోవాట్లకి 60, మూడు పెడితే 78 వేలు, అక్కడితో సరి, ఐదు పెట్టినా 78 వేలే. డబ్బులు మీ బ్యాంకు ఖాతాలోనే పడతాయి, నా చేతికి రావు. ఒక కిలోవాట్‌కి రోజుకి సగటున నాలుగు యూనిట్లు అనుకోండి, వానాకాలం తగ్గుతుంది. మీటర్ ఇంకా చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించుకోండి, లేకపోతే అప్లికేషన్ దగ్గరే బండి ఆగిపోద్ది. ఈ ఆఖరి లైన్ ఉంది చూశారూ, దాన్ని ఎంతమంది ఫార్వర్డ్ చేశారో, మన వైపు సగం మీటర్లు తాతలవే! ఫార్వర్డ్ అయినప్పుడల్లా నా పేరు ఇంకో ఇంట్లోకి వెళ్ళింది.

గూగుల్లో షాపు ప్రొఫైల్ పెట్టుకోవడం ఫ్రీనే, పెట్టుకోండి, దాని మీద పెద్దగా చెప్పేదేం లేదు. రివ్యూ అడగడానికి మాత్రం ఒక టైముంది. పేమెంట్ తీసుకునేటప్పుడు అడక్కండి, జేబు ఖాళీ అయిన మూడ్‌లో ఉంటారు. మాకైతే నెట్ మీటర్ (మనం వాడిన కరెంటూ, సోలార్ నుంచి లైనుకి పంపిన కరెంటూ రెండూ లెక్కేసే మీటర్) పెట్టాక వచ్చే మొదటి బిల్లు రోజు, ఆ బిల్లు ఫోటో వాళ్ళే పంపిస్తారు సంబరంగా, అప్పుడు లింక్ పంపి "మా పనిలో మీకు నచ్చిందీ, నచ్చందీ రెండూ రాయండి సార్" అంటాను. రివ్యూకి డిస్కౌంట్ ఇస్తాం, గిఫ్ట్ ఇస్తాం అనే బేరం పెట్టకండి, గూగుల్ రూల్స్ ఒప్పుకోవు, పైగా ఒకే రోజు ఇరవై ఫైవ్ స్టార్లు పడితే చూసేవాడికి తెలిసిపోద్ది.

నెట్‌వర్కింగ్ గ్రూపుల గురించి చాలామంది అడుగుతుంటారు, చేరాలా వద్దా అని. ఈ ఐడియా కొత్తదేం కాదు. రోటరీ క్లబ్ మొదలైందే అలా, 1905లో చికాగోలో పాల్ హ్యారిస్ అనే లాయరు ఒక బొగ్గు వ్యాపారినీ, ఒక మైనింగ్ ఇంజినీర్నీ, ఒక టైలర్నీ కూడేసి ఒకరి ఆఫీసు తర్వాత ఒకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవాళ్ళు, ఆ వంతుల వల్లే రోటరీ అనే పేరు. తర్వాత అది సేవ వైపు వెళ్ళింది. పూర్తిగా రిఫరెన్సుల కోసమే అయితే బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్) ఉంది, 1985లో అమెరికాలో ఐవన్ మైజ్నర్ పెట్టింది, ఒక చాప్టర్‌లో, అంటే ఊళ్ళో ఉండే ఒక్కో గ్రూపులో, ఒక పనికి ఒక్కరే, అంటే సోలార్ వాడు నేనుంటే ఇంకో సోలార్ వాడికి సీటు లేదు. వారం వారం మీటింగు, లేచి నిమిషం లోపు మన గురించి చెప్పాలి, ఫీజు గట్టిగానే ఉంటుంది.

నా అభిప్రాయం అడిగితే, ఇంటీరియర్, ఫైనాన్స్, ప్రింటింగ్ లాంటి పనులు చేసేవాళ్ళకి బాగా పనికొస్తుంది, పొద్దున్నే లేవగలిగితే. కానీ ముందు గెస్టుగా ఒకసారి వెళ్ళి కూర్చుని చూడండి, ఫీజు కట్టేశాక కాదు. చేరాక మొదటి మూడు నెలలు నాకేమొచ్చింది అని లెక్కలేసుకోకుండా ఆ రూమ్‌లో ఉన్న ఒక్కొక్కరితో విడిగా కూర్చుని టీ తాగండి, వాళ్ళకి ఎలాంటి కస్టమర్ కావాలో కనుక్కోండి, వీలైతే మీరే ముందు ఒక పని పంపండి. విజిటింగ్ కార్డులు పేకముక్కల్లా పంచేసి వచ్చేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది, ఆ కార్డులు అన్నీ సాయంత్రానికి స్కూటర్ డిక్కీలో ఉంటాయి.

గ్రూపు లేకపోయినా ఇది మీ వీధిలోనే చెయ్యొచ్చు. మీ కస్టమర్ మీ పనికి ముందు ఎవర్ని పిలుస్తాడు, తర్వాత ఎవర్ని పిలుస్తాడు అని చూడండి. నా ముందు ఇంజినీరూ, మేస్త్రీ, ఎలక్ట్రీషియన్ ఉన్నారు, నా తర్వాత ఏసీ వాళ్ళూ, ఈ మధ్య ఎలక్ట్రిక్ స్కూటర్ షోరూమ్ వాళ్ళూ. వీళ్ళలో పని చక్కగా చేసే ఐదారుగురిని పట్టుకుంటే చాలు. మా ప్లంబర్‌కి నేను పంపిన ఇళ్ళే ఎక్కువ, టెర్రస్ మీదకెక్కి ట్యాంకు కారుతుంటే చూసేది నేనే కదా.

కమీషన్ సంగతి ఎవరూ పైకి మాట్లాడరు గానీ మాట్లాడుకోవాలి. మేస్త్రీలూ, ఎలక్ట్రీషియన్లూ "మాకేంటి?" అని మొహం మీదే అడుగుతారు, మన ఫీల్డులో ఉన్నదే. ఇస్తే ఇవ్వండి, అది మీ మార్జిన్లోంచి ఇవ్వండి, దానికోసం కస్టమర్ కొటేషన్ పెంచారో, ఎప్పుడో ఒకప్పుడు పక్కింటి రేటుతో పోల్చి చూస్తాడు, అప్పుడు మీరూ పోతారు, ఆ మేస్త్రీ మాటా పోద్ది. ఇంకో తమాషా ఏంటంటే, కస్టమర్లకి డబ్బులివ్వబోతే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. రిటైర్డ్ మాస్టారికి నేనోసారి కవర్ ఇవ్వబోయాను, "నేనేమన్నా బ్రోకర్నా బాబూ" అన్నారు, నాకు తల తీసేసినట్టయింది. అప్పట్నుంచి ఆయనింటికి వెళ్తే ప్యానెళ్ళు కడిగించి వస్తాను, దుమ్ము పట్టి యూనిట్లు తగ్గుతాయి కదా, ఆయనకి అదే ఆనందం. డాక్టర్లు, సీఏలు, లాయర్లు అయితే ఈ పేరా మీకు కాదు, పేషెంట్ని పంపినందుకు కమీషన్లు, ఫీజులో వాటాలు మీ వృత్తి రూల్స్‌కి విరుద్ధం.

అడగడం ఎలాగో కూడా చెప్తాను, ఎందుకంటే మనవాళ్ళకి మొహమాటం ఎక్కువ. "ఎవరైనా ఉంటే చెప్పండి" అంటే ఎవరూ ఉండరు. "ఆంటీ, మీ ఎదురింటివాళ్ళకి మూడు ఏసీలున్నాయి కదా, వాళ్ళ బిల్లు ఎంతొస్తుందో ఎప్పుడైనా అన్నారా?" అంటే వెంటనే కథ మొదలవుతుంది. ఫార్వర్డ్ చెయ్యడానికి మెసేజ్ కూడా మనమే రాసి ఇవ్వాలి, వాళ్ళకి టైపు చేసే ఓపిక ఉండదు. నాది ఇంతే ఉంటుంది: "మా ఇంటి మీద సోలార్ వీళ్ళే పెట్టారు. ముందు వచ్చి ఎండ పడుతుందో లేదో చూసి చెప్తారు, చూసినందుకు డబ్బులు తీసుకోరు. వద్దనుకుంటే వద్దని చెప్పెయ్యండి, నేనేమీ అనుకోను." ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం అండి, పంపేవాళ్ళకి చుట్టరికం చెడుతుందేమో అనే బెరుకు పోతుంది.

చూసి వద్దని చెప్పడం కూడా నిజంగానే చేస్తాను. సత్యనారాయణపురంలో ఒక ఇంటికి వెళ్తే దక్షిణం వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, మధ్యాహ్నం రెండు దాటితే టెర్రస్ సగం నీడే. ఆయన చెక్కు రాయడానికి రెడీగా ఉన్నాడు. నేను రెండు గంటలు అక్కడే కూర్చుని నీడ ఎలా జరుగుతుందో సుద్దముక్కతో టెర్రస్ మీద గీతలు గీసి చూపించి, మీకు లాభం లేదండీ అని వచ్చేశాను. ఆ రోజు పెట్రోలు దండగ. కానీ ఆయన ఆ గీతల ఫోటో తీసి వాళ్ళ వాకింగ్ గ్రూపులో పెట్టాడు, అందులోంచి రెండు ఇళ్ళు వచ్చాయి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి మా విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు మా పాత ఇన్వర్టర్ కస్టమర్లు చాలామంది అక్కడే. నీళ్ళు తీశాక నేనూ, మా కుర్రాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి ముందు మెయిన్ ఆపించి, తడిసినవి ఆన్ చెయ్యొద్దని చెప్పి, పనికొచ్చేవీ రానివీ వేరు చేసి ఇచ్చాం, డబ్బులడగలేదు, అడిగే పరిస్థితి కాదది. అది మార్కెటింగ్ అనుకుని చేసి ఉంటే నాకే అసహ్యమేసేది, అందుకే దీన్ని చిట్కాగా రాయడానికి మనసొప్పట్లేదు. ఆ వీధుల నుంచి ఇప్పటికీ ఫోన్లు వస్తాయి, అంతవరకు చెప్తాను. ఇన్వర్టర్ మాత్రం ఇప్పుడు ఎక్కడైనా మెట్ల గది పైనే బిగిస్తున్నాను.

ఇంకో రకం కస్టమర్ ఉన్నారు, అమెరికాలో పిల్లలు, ఇక్కడ అమ్మానాన్న ఇద్దరే. డబ్బు పంపేది డల్లాస్ నుంచి, తలుపు తీసేది ఇక్కడ అమ్మ. వాళ్ళకి కావాల్సింది రేటు కాదు, నమ్మకం. దిమ్మలు కట్టినప్పుడు ఒక ఫోటో, వైరింగ్‌కి ఒకటి, ఎర్తింగ్‌కి ఒకటి, ఏ రోజు ఎవరు ఇంటికొస్తున్నారో ముందే వాళ్ళ పేరుతో మెసేజ్. ఒకబ్బాయి అవన్నీ వాళ్ళ ఇంజినీరింగ్ కాలేజీ గ్రూపులో పెట్టాడు, అక్కడ అందరి అమ్మానాన్నలూ ఇక్కడే కదా.

ఆఖరుగా అందరూ వదిలేసే పని ఒకటుంది. పేరు చెప్పినాయనకి ఏమైందో తిరిగి చెప్పడం. మనం వెళ్ళామా, వాళ్ళు ఏమన్నారు, కుదరకపోతే ఎందుకు కుదరలేదు, ఇవన్నీ ఆయన ఇంకెవరి ద్వారానో వింటే చిన్నతనంగా ఉంటుంది. నా పద్ధతి ఏంటంటే, కొత్త ఫోన్ రాగానే మొదటి ప్రశ్న "మీకు ఎవరు చెప్పారండీ?", పుస్తకంలో ఆ కాలమ్ అప్పుడే నింపేస్తాను, ఆ రాత్రికే ఆయనకి ఒక మెసేజ్ వెళ్తుంది. నిన్న మాస్టారికి పంపింది ఇదీ: "మాస్టారూ, మీరు పంపిన గొల్లపూడి వాళ్ళు ఫోన్ చేశారు, శనివారం పొద్దున నేనే వెళ్తున్నాను, కుర్రాళ్ళని పంపట్లేదు." ఆయన ఒక దణ్ణం బొమ్మ పెట్టి, కింద "వాళ్ళకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కించకు" అని రాశారు.